గట్టు మీద పలకరింపు

మా ఆయన బండి సీటు తుడవడం ఈ చలికాలంలో నాకు కొత్తగా తగులుకున్న పని. రాత్రంతా బయట ఉన్న బండి తెల్లారేసరికి తడిసి ముద్దై ఉంటుంది. పాత లుంగీ గుడ్డతో సీటు, అద్దాలు, హ్యాండిలు తుడవాలి. అంతకు ముందే టీ పెట్టాలి, ఆయన ముఖం కడుక్కోవడానికి నీళ్లు కాచాలి, మఫ్లరు వెతికి పెట్టాలి. ఒక్క పిలుపుకి లేచే మనిషి కాదు కాబట్టి మధ్యమధ్యలో వెళ్లి లేపుతూ ఉండాలి. అనకాపల్లిలో నేను ఆయాగా పనిచేసే నర్సింగ్ హోముకి ఆరింటికల్లా చేరాలి. నా సైకిల్ మీద నేను వెళ్లినన్నాళ్లూ నా డ్యూటీకి సరిపడా లేచేదాన్ని. ఇప్పుడు నన్ను దింపడానికి ఆయన లేస్తున్నాడు, ఆయన్ని లేపడానికి నేను ఇంకా ముందు లేస్తున్నాను. దీన్నే మా అత్త అదృష్టం అంటుంది.

"ఈ సలిలో మొగుడు లెగిసి పెళ్లాన్ని డ్యూటీకి దింపుతున్నాడు. మా కాలంలో సూసేమా ఇలాటియి?" అని దుప్పటిలోంచే అంటుంది. నర్సింగ్ హోములో సిస్టర్లు కూడా గేటు దగ్గర బండి చూసి, "నీకేం మేరీ, మహారాణివి" అన్నారు. నేను నవ్వాను. నవ్వడం కూడా డ్యూటీలోకే వస్తుంది.

ఆ సైకిల్ మా అమ్మాయి దీనాకి తొమ్మిదో తరగతిలో బడిలో ఇచ్చింది. దీనా డిగ్రీలో చేరి బస్సెక్కడం మొదలుపెట్టాక నాకు వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివి నాకే వస్తాయి, మాడిన అట్టు దగ్గర్నుంచి. కానీ ఇది మాత్రం మంచి సరుకు. రోడ్డు మీద లారీల భయం, పైగా చుట్టు. కాలవ గట్టు మీదుగా అయితే దగ్గర. ఆ గట్టు అందరిదీ. చెరుకు బళ్లు, పాల క్యాన్లవాళ్లు, గేదెలు, మంకీ టోపీలు పెట్టుకుని నడిచే రిటైరైన మాస్టార్లు, వాళ్ల మధ్యలో నేను. క్రిస్మస్ దగ్గర పడ్డాక గట్టు మీద మంచు ఎలా దిగుతుందంటే ముందు చక్రం కూడా సరిగ్గా కనబడదు. చేతులకి ఆయన పాత సాక్సులు తొడుక్కునేదాన్ని. అయినా వేళ్లు మొద్దుబారిపోయేవి. కొన్నాళ్లకి వేళ్లే కాదు, నేనంతా అలాగే అయిపోయానని తెలిసింది. ఆయన ఏమన్నా, అత్త ఏమన్నా, సూపర్‌వైజరు "బెడ్‌ప్యాన్ మేరీ" అని పిలిచినా లోపలికి వెళ్లేది కాదు. బాధ అని కూడా అనలేను. బాధైతే ఏడ్చేదాన్ని.

గట్టు కింద ఒక కాలనీ ఉంది. ఇళ్లతోపాటు మరుగుదొడ్లకి గోడలు కూడా లేచాయి గానీ నీళ్లు రాలేదు. వాటిలో పిడకలు దాచుకుంటున్నారు. ఆ ఆడవాళ్లంతా వెలుతురు రాకముందే గట్టు వాలుకి వస్తారు. మగవాడు ఎవడైనా అటు వస్తే చీర దించుకుని లేచి నిలబడాలి. ముఖం పక్కకి తిప్పుకుని, వాడు దాటిపోయేదాకా అలా ఉండి, మళ్లీ కూర్చోవాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, ఆడపిల్లగా పుడితే ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. మామూలు రోజుల్లో వచ్చేది ఎవరో చూసుకుని లేస్తారు. మంచులో ఎవరో తెలియదు కాబట్టి ప్రతి చప్పుడికీ లేవాల్సిందే. మొదటి చలికాలం నా సైకిల్ బెల్లుకీ లేచేవాళ్లు. ఒకరోజు మంచులోంచి ఒక ముసలి గొంతు విసుక్కుంది.

"ఎవులమ్మా అది? ఆడమనిసివైతే ఓ కూతెయ్యకూడదా? మోకాళ్లు సచ్చిపోతన్నాయి లెగలేక."

ఆ గొంతు తలుపులమ్మదని తర్వాత తెలిసింది. ఆ మర్నాటి నుంచి గట్టు ఎక్కగానే బెల్లు మానేసి, "నేనే, మేరీని. ఆడమనిషినే" అని చెప్పుకుంటూ వెళ్లేదాన్ని. వాళ్లు లేవడం మానేశారు. పైగా బదులు చెప్పడం మొదలుపెట్టారు. "ఎల్లమ్మా మేరీ, ఎదర సెరుకు బండాగిపోనాది, ఎడమకెల్లు." "తూము కాడ గట్టు జారిపోనాది, దిగి నడువు." ఒకరి మాట అయ్యేసరికి ఇంకొకరి మాట అందుకునేది. కళ్లు కనబడని మంచులో ఆ గొంతులు పట్టుకునే సైకిల్ తొక్కేదాన్ని. వాళ్ల ముఖాలు నేను ఎప్పుడూ చూడలేదు, నా ముఖం వాళ్లూ చూడలేదు. ఇంట్లో నా గొంతు "వత్తన్నాను" అనడానికి తప్ప లేవదు. అక్కడ మాత్రం నా గొంతు కోసం ఎవరో చూసేవాళ్లు. ఆ కాసేపూ నాకు బాగుండేది. రోజు మొత్తంలో నాకు బాగుంది అని చెప్పగలిగింది అదొక్కటే.

ఈ సంగతి టీ కొట్టుకి చేరింది. మా ఆయన వరదానం బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తాడు. అక్కడే పనిచేసే అప్పారావు నలుగురిలో అడిగాడట.

"ఏటి బావా, మీ ఇంటావిడ తెల్లారగట్ల గట్టు మీద మైకు నేకుండా అనౌన్సుమెంటు సేత్తందంట గదా? ఆడమనిసినే, ఆడమనిసినే అనీసి. ఎవుడికైనా అనుమానమొచ్చిందేటి?"

అందరూ నవ్వారట. ఇదంతా తర్వాత మా అత్త చెప్పింది. ఆయన ఆ రోజు ఇంటికి వచ్చి నన్ను ఏమీ అనలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ, "నీకా కర్మేటి? మంచులో ఎక్కడో పడతావు. రేపట్నించి నేను దింపుతాను" అన్నాడు. సైకిల్ని కట్టెల వెనక్కి నెట్టి, "నూతన సమచ్చరం ఎల్లేక ఎవులికన్నా ఇచ్చేద్దాం" అన్నాడు. నేను సరే అన్నాను. సరే అనడానికి నాకు ఆలోచించే అలవాటు లేదు.

మొదటి రోజు బండి గట్టు ఎక్కగానే హెడ్‌లైటు పడినంత మేరా ఆడవాళ్లు లేచారు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు, వాలు పొడుగునా. నేను అలవాటుకొద్దీ "నేనే, మేరీని" అన్నాను. ఆయన మెడ తిప్పకుండానే, "నోరు ముయ్యి" అన్నాడు. నిజమే, నేను ఒక్కదాన్నే కాదు కదా బండి మీద. ముయ్యడం కూడా సబబే అనిపించింది. తర్వాతి రోజుల్లో ఆయన వీపు చూస్తూ కూర్చునేదాన్ని. వాళ్లు లేస్తున్నారని తెలిసేది. చలి మాత్రం బండి మీద ఇంకా ఎక్కువ.

మొన్న మంచు బాగా ఉంది. ఆయన హారన్ కొట్టుకుంటూ పోనిస్తున్నాడు. తూము దాటాక లైటులో ఒక ముసలావిడ కనబడింది. ఒక చెయ్యి నేల మీద ఆనించి, ఇంకో చేత్తో చీర పట్టుకుని లేవబోతోంది. లేవలేకపోతోంది. ఆయన ఇంకో హారన్ కొట్టాడు.

"లెగుతున్నాను నాయినా, లెగుతున్నాను" అంది.

తలుపులమ్మ గొంతు. చెయ్యి జారి పక్కకి పడిపోయింది. పడ్డాక కూడా చీర కిందికి లాక్కుంటూనే ఉంది. ఆయన, "సిగ్గు నేని మనుసులు" అని పక్క నుంచి పోనిచ్చాడు. ఆపమని నేను అనలేదు. అనాలని ముందు తోచలేదు, తోచేసరికి టౌను లైట్లు వచ్చేశాయి.

ఆ రోజు టిఫిన్ వేళకి ఆయాలం మెట్ల కింద కూర్చుని డబ్బాలు విప్పుకున్నాం. పెద్ద డాక్టరుగారు వచ్చారు. ఆయన వస్తే ఎవరైనా లేవాలి, నోట్లో ముద్ద ఉన్నా లేవాలి. లేచాం. ఆయన ఫోనులో మాట్లాడుకుంటూ మమ్మల్ని చూడకుండానే వెళ్లిపోయారు. మిగతావాళ్లు కూర్చుని తింటున్నారు. నేను ఉప్మా ముద్ద చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను. "ఏం మేరీ, కూర్చోవా?" అని సిస్టర్ అడిగితే గానీ తెలియలేదు. ఇన్నాళ్ల తర్వాత నా ఒంట్లో ఏదో కదిలింది, అది కోపమని పోల్చుకోవడానికి కొంచెం టైము పట్టింది. తలుపులమ్మ మీద జాలి అనుకున్నాను ముందు. కాదు.

డ్యూటీ దిగి షేరాటోలో ఇంటికి వచ్చాను. కట్టెల వెనక నుంచి సైకిల్ లాగి, తుడిచి, సందు చివర కొట్టులో రెండు చక్రాలకీ గాలి కొట్టించి, వాకిట్లో గోడకి ఆనించాను. తర్వాత కంచంలో అన్నం పెట్టుకుని కింద కూర్చున్నాను. మా అత్త మంచం మీద కూర్చుని వక్క నములుతోంది. రెండు ముద్దలు తిన్నానో లేదో ఆయన బండి చప్పుడు వినిపించింది. లోపలికి వస్తూనే అడిగాడు.

"సైకిల్ బయటికెందుకొచ్చింది?"

"రేపట్నించి దాని మీదే ఎల్తాను. నువ్వు దింపక్కర్నేదు."

"ఏం? ఏటొచ్చింది మళ్లీ?"

"నువ్వొత్తే ఆళ్లు లెగాల."

ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "లెగితే లెగుత్తారు. ఆళ్లకి అలవాటేగా. నీకేటి నొప్పి? ముందు నువ్వు లెగు, నీళ్లట్రా, గొంతెండిపోతంది."

నా చెయ్యి అప్పటికే కంచం పక్కకి జరిపింది, మోకాలు సగం లేచింది. ఇరవై ఏళ్ల అలవాటు, నన్ను అడిగి లేవదు. మోకాలు కిందికి దించి, కంచం మళ్లీ దగ్గరికి లాక్కున్నాను.

"కుండ అక్కడే ఉంది. ముంచుకో" అన్నాను.

మా అత్త మంచం కోడు పట్టుకుని లేవబోయింది. "నేను ముంచుతాను, ఉండు నాయినా."

"నువ్వు లెగకు అత్తా. నీ మోకాళ్లు బాగోనేవు."

అత్త నా ముఖంలోకి చూసింది, కొడుకు ముఖంలోకి చూసింది. మంచం మీద మళ్లీ కూర్చుంది. నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను. ఇంట్లో ఆయనొక్కడే నిలబడి ఉన్నాడు.