తలుపు ఒప్పుకున్న మాట

వరుస కొంచెం అటూ ఇటూ కావచ్చు. ఆ రోజు వాన ముందు వచ్చిందో, ఇస్త్రీ దుకాణం ఆవిడ ముందు వచ్చిందో గట్టిగా చెప్పలేను. నా చేతిలో మాత్రం మా మరిది మర్చిపోయిన గొడుగు ఉంది.

మా మరిది హైస్కూల్లో పదో తరగతి పిల్లలకి సంపాదకీయాలు రాయడం నేర్పేవాడు. శుక్రవారం ఆఖరి పీరియడు. బాగా రాసింది గోడపత్రికకి ఎక్కేది. ఏది బాగుందో తేల్చేది మాత్రం ఆ గది తలుపే. పీరియడు మొదలవగానే మూసుకునేది, ఎవరైనా చదివింది తనకి సబబుగా తోస్తేనే తెరుచుకునేది. ఆలస్యమైతే తల్లులు వరండాలో కూర్చుని కబుర్లాడుకునేవారు. మరీ పొద్దుపోతే ఎవరో ఒకరు మంచినీళ్ళ కుళాయి గురించి చదివేవారు. కుళాయి మాట ఆ తలుపు ఎన్నడూ కాదనలేదు. బంట్రోతు అప్పుడప్పుడు బందులకి నూనె వేసేవాడు. అంతకుమించి దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు.

ఒకసారి బొండాం అనే పిల్లాడు, "ఓ తలుపు గారూ, దయచేసి సెలవులు పెంచాలని..." అని మొదలుపెట్టాడు.

"బతిమాలితే తెరవడానికి అదేమన్నా మీ మేనత్తట్రా? కారణం చెప్పు!" అన్నాడు మా మరిది.

అతని పాఠమంతా ఒక్కటే. "ముందు ఎదుటివాళ్ళ మాట చెప్పండి. అది విని వాళ్ళే 'మేము కూడా ఇంత బాగా చెప్పలేదే' అనుకోవాలి. ఆ తర్వాతే మీ మాట."

ఇస్త్రీ దుకాణం ఆవిడ కూతుర్ని అందరూ పిట్ట అనేవారు. ఆ పిల్లని బడి మానిపించి దుకాణంలో పెడతానంది తల్లి. మా మరిది వెళ్ళి ఎంతో చెప్పి చూశాడు.

"మాటలు నేర్పే మాస్టారు మీరు, మీతో నేనెక్కడ గెలుస్తాను?" అందావిడ. "దాన్నే రాయమనండి. తలుపు ఏ మాటకి తెరుచుకుంటే ఆ మాటకే నేనూ కట్టుబడతాను."

ఆ శుక్రవారం ఆవిడ వరండాలో నా పక్కనే నిలబడింది, కుడిచెయ్యి కొంగులో దాచుకుని. లోపల పిట్ట చదవడం మొదలుపెట్టింది. నేర్చుకున్నట్టే, ముందు తల్లి మాట.

"మా అమ్మ కుడిచెయ్యి ఇప్పుడు మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తదు. ఆ సంగతి నాకు తెలియకూడదని వేసవంతా ఎడంచేత్తో ఇస్త్రీ చేసింది. చొక్కా కాలితే నెపం ఇస్త్రీపెట్టె మీదకి తోసేసింది. బడి మానమని నాతో చెప్పేముందు, చెప్పకుండా గడిచే దారులన్నీ వెతికింది. ఇంకేమీ దొరకలేదు..."

తలుపు తెరుచుకుంది. చప్పుడు కూడా లేదు, మొన్ననే నూనె వేశారు.

"ఇంకా ఉంది! అసలు మాట ఇంకా చదవలేదు!" మా మరిది పరుగున వచ్చి మళ్ళీ మూయాలని రెక్క తోశాడు. అది కదల్లేదు. "వదినా, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి!"

నేను గొడుగు కింద పడేసి లాగాను. ఇస్త్రీ దుకాణం ఆవిడ కూడా ఎడంచేత్తో గడియ పట్టుకుని లాగింది. "మూసుకోవే, మూసుకో! అది చెప్పేది కూడా విను!" అని ఏడుస్తూ తలుపుని కొట్టింది. ఒకసారి ఒప్పుకున్నాక ఆ తలుపు మాట తప్పేది కాదు.

పిట్ట మిగతా కాగితాలు అంచు మీద అంచు పెట్టి మడిచింది.

"ఊరుకోమ్మా. గెలిచిందానివి నువ్వు, ఏడుస్తావేంటి? పద, ఆ చెయ్యి పట్టుకోనీ."

సోమవారం నించి ఇస్త్రీ బల్ల వెనక పిట్టే నిలబడింది. మా మరిది బట్టలు బంట్రోతుతో పంపించేవాడు. శుక్రవారం వస్తే మాత్రం అదే పాఠం చెప్పేవాడు, ముందు ఎదుటివాళ్ళ మాట అని. అతనికి ఇంకో పాఠం తెలియదు.

అమ్మాయీ, దీన్ని మీ నాన్నకి, అదే మా మరిదికి, ఓసారి చదివి వినిపించు. పిట్ట, బొండాం, ఈ పేర్లు ఎవరివి ఎవరికి పెట్టానో, నువ్వే సరిచూడాలి. వరుస కూడా అడుగు. ఆ పిల్ల తన మాటే ముందు చదివిందని ఆయనకి గుర్తుంటే, వెంటనే వచ్చి నాకు చెప్పు.