నలభై రెండు బొంతలు

నేను ఒక ఎర్ర మఖమలు కోటును. క్రిస్మస్ తాత వేషం కోసం కుట్టిన కోటును. ఏడాదిలో పదకొండున్నర నెలలు కలరా ఉండలతో పాటు ట్రంకుపెట్టెలో పడుకుని, మిగిలిన పదిహేను రోజులు నరసాపురం వీధుల్లో తిరిగి పిల్లల కోసం కానుకలు పోగుచెయ్యడం నా ఉద్యోగం. అంత తక్కువ పనికి అంత మర్యాద దొరికిన గుడ్డ ఈ ఊళ్ళో మరొకటి ఉండదు.

నా పుట్టుక మాత్రం గొప్పది కాదు. మూతబడిన ఒక సినిమా హాలు పరదాలో ముక్కను నేను. హాలు సామాను అమ్మేస్తున్నారని తెలిసి చర్చివాళ్ళు ఆ ముక్కను అడిగి తెచ్చి, దర్జీ మస్తాన్ సాహెబు ముందు పరిచారు. ఆయన క్రిస్మస్ తాతను చూసింది బిస్కెట్ల డబ్బా మీద మాత్రమే. ఆ డబ్బానే మిషను మీద నిలబెట్టుకుని, బొమ్మ వంక చూస్తూ నన్ను కత్తిరించాడు. బొమ్మలో తాతకు జేబులు లేవు. “జేబుల్లేని కోటేంటండీ! ముసలాయన చలికి చేతులెక్కడ పెట్టుకుంటాడు?” అని తనంతట తనే రెండు లోతైన జేబులు కుట్టాడు. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. “పిల్లలకంట గదా” అన్నాడంతే.

పిల్లలంటే, ఊరి చివర హాస్టలు పిల్లలు. కుష్ఠువ్యాధి కాలనీలో వైద్యం పొందుతున్న తల్లిదండ్రుల బిడ్డలు. పిల్లలకు ఏ జబ్బూ లేదు. మందు వాడుతున్న పెద్దలతోనూ భయం లేదని నర్సులు చెబుతూనే ఉండేవారు. ఊరు వింటూనే ఉండేది, భయపడుతూనే ఉండేది. అందుకే ఆ పిల్లలు టౌను బడుల్లో చదువుకుంటూ, అమ్మానాన్నలు ఎక్కడున్నారని ఎవరైనా అడిగితే మాట మార్చేవారు.

ప్రతి డిసెంబరులోనూ చర్చి ఆవరణలో ఒక సరుగుడు కొమ్మ పాతి, దానికి చీటీలు కట్టేవారు. చీటీ మీద పేరుండదు. వయసూ, కావలసిన వస్తువూ ఉంటాయి. ‘తొమ్మిదేళ్ళు. జామెట్రీ బాక్సు.’ ‘ఆరేళ్ళు. నడిస్తే చప్పుడయ్యే చెప్పులు.’ మనసున్నవాళ్ళు చీటీ తెంపుకుని వెళ్ళి ఆ వస్తువు కొని తెచ్చేవారు. తెంపడానికి తీరిక దొరకనివాళ్ళ గుమ్మాల్లోకి నేను వెళ్ళేదాన్ని.

మొదటి ఆరేళ్ళూ నన్ను తొడుక్కున్నది బేకరీ ఇమ్మానుయేలు గారు. నిండుగా ఉండే మనిషి. నా గుండీలు ఊపిరి బిగపట్టుకుని ఉండేవి. ఎంత గడ్డం పెట్టుకున్నా ఒంటికంటిన కేకు వాసనను బట్టి పిల్లలు ఇట్టే పోల్చేసేవారు. తర్వాత ఆయనకు చక్కెర జబ్బు వచ్చి, మోకాళ్ళు పట్టేసి, నన్ను పోస్టుమాన్ ఫిలేమోనుకు అప్పగించాడు.

ఫిలేమోను బక్కపలచని మనిషి. ఆయన భుజాల మీద నేను కొక్కేనికి తగిలించినట్టు వేలాడాను. పొట్టకు దిండు కట్టుకోవలసి వచ్చింది. ఆ దిండు నాలుగిళ్ళు తిరిగేసరికి నడుం పక్కకు జారిపోయేది. బూరుగుదూది గడ్డం ముక్కులో దూరి తుమ్ములు తెప్పించేది. అయినా ఆయన వేషం వేస్తే ఒక లాభం ఉండేది: ఊళ్ళో ఆయనకు తెలియని తలుపు లేదు. “తాతా, మనియార్డరేవన్నా తెచ్చావా?” అని నవ్వుతూ తలుపు తీసేవారు.

ఇచ్చేవాళ్ళను నాకంటే దగ్గరగా చూసినవాళ్ళు ఎవరూ ఉండరు. ఒకావిడను ఒక జామెట్రీ బాక్సు అడిగితే రెండిచ్చింది, పిల్లలన్నాక ఒకటి పోగొట్టుకుంటారని. ఒకాయన గాలి నిలవని బంతిని ఇస్తూ, ఊదితే బాగానే ఉంటుందని ధైర్యం చెప్పాడు. అందరూ ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం అందంగా ఉండేవారు. బంతి ఇచ్చినాయన కూడా.

ఇక ఆ ఏడాది సంగతి. చలి ముందే దిగింది. గోదావరి మీది మంచు పొద్దెక్కినా విడిచేది కాదు. హాస్టలు దుప్పట్లు చిల్లులుపడి వల మాదిరిగా అయ్యాయి. నలభై రెండు మంది పిల్లలకు దుప్పట్లు కావాలని వార్డెను కబురంపింది. రైసు మిల్లు బులిరాజు గారు అన్నీ తానే ఇస్తానన్నాడు. దాంతో అందరూ నిశ్చింతగా ఉండిపోయారు. పండగ వారం రోజులుందనగా ఆయన ఫిలేమోనును ఇంటికి పిలిపించాడు. వేషంలో తిరుగుతున్న ఫిలేమోను అలాగే వెళ్ళాడు.

“ఏవయ్యా ఫిలేమోనూ, బుధవారం సెంటర్లో స్టేజి కట్టిస్తున్నాను. పిల్లలందర్నీ తీసుకొచ్చెయ్యండి. పేరు, తల్లిదండ్రుల పేరు, కాలనీ పేరు మైకులో చదివిస్తాను. ఒక్కొక్కళ్ళూ వచ్చి పుచ్చుకుంటారు. పేపరోళ్ళకీ చెప్పాను. నువ్వీ కోటేసుకుని నా పక్కన నిలబడాలి.”

ఫిలేమోను గుండె సరిగ్గా నా రెండో గుండీ కింద ఉంటుంది. అప్పటిదాకా నిమ్మళంగా ఉన్న ఆ గుండె ఒక్కసారి దడదడలాడింది. గొంతులో మాత్రం తేడా లేదు.

“స్టేజీ వద్దండి రాజుగారూ. దుప్పట్లు హాస్టలుకి పంపించెయ్యండి, చాలు.”

“ఎందుకొద్దయ్యా? నేనేవన్నా దొంగసొమ్ము పంచుతున్నానా?”

“మీకోసం కాదండి. పేర్లు చదివితే రేపు బళ్ళో ఆ పిల్లల పక్కన ఎవరూ కూర్చోరండి.”

“ఈ రోజుల్లో అయ్యన్నీ ఎవరు పట్టించుకుంటారయ్యా! నీదంతా చాదస్తం.”

“పేర్లు చదివేటట్టయితే దుప్పట్లు వద్దండి” అన్నాడు ఫిలేమోను.

బులిరాజు గారు చెడ్డవాడేమీ కాదు. అడిగినవాళ్ళకు లేదనకుండా ఇచ్చేవాడు. ఇస్తానంటే వద్దన్నవాళ్ళు మాత్రం అంతకుముందు ఆయనకు తగల్లేదు. ఆడుకుంటున్న బొమ్మను ఎవరో లాక్కున్న పిల్లాడిలా అయిపోయింది ఆయన మొహం. “వద్దన్నాక నేనేం చేస్తాను? వెళ్ళిరా” అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి సంగతి చెప్పగానే ఫిలేమోను భార్య సంతోషమ్మ నెత్తి కొట్టుకుంది. సరుగుడు కొమ్మకు చీటీలు కట్టేది ఆవిడే. “నలభై రెండు దుప్పట్లండీ! ఒక్క పూట నిలబడితే ఏం పోయింది? చలికి పిల్లలు ముడుచుకుని పడుకుంటుంటే మీ పట్టుదల కప్పుతారా వాళ్ళకి?”

ఫిలేమోను గడ్డం తీసి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. నన్నింకా విప్పలేదు.

“నేను నిలబడ్డాను సంతోషం. పదేళ్ళప్పుడు.”

వాళ్ళ పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. అత్తగారు ఏదో జబ్బు చేసి పోయిందని సంతోషమ్మకు తెలుసు. ఏ జబ్బో ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు.

“పలకా, చొక్కా ఇచ్చారు. మైకులో మా అమ్మ పేరు చదివి, ఫలానా జబ్బుమనిషి కొడుకన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు బళ్ళో మా బెంచీ మీద నేనొక్కణ్ణే. ఆ ఏడాదంతా నేనొక్కణ్ణే.”

సంతోషమ్మ పక్కన కూలబడింది. తర్వాత నా గుండీలు ఒక్కొక్కటే విప్పుతూ, “చొక్కా ఏం రంగు?” అని అడిగింది.

“ఆకుపచ్చ.”

“తొడుక్కున్నారా?”

“లేదు. కాలవలో పడేశాను. అమ్మకి మాత్రం బాగా సరిపోయిందని చెప్పాను.”

నా రెండో గుండీ విప్పాక ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ గుండె నెమ్మదించేదాకా తియ్యలేదు. లేచి, పెట్టె తెరిచి, తన నూలు చీరలు రెండు తీసి బయట పడేసింది.

“దుప్పట్లు కొనడం మనవల్ల కాదు. బొంతలు కుట్టడం అవుతుంది. పొద్దున్నే బయల్దేరండి. మీకు తెలియని ఇల్లుందా ఈ ఊళ్ళో?”

మర్నాడు దిండు లేకుండానే నన్ను తొడుక్కున్నాడు. పాత చీరలు అడగడానికి పొట్ట ఎందుకంది సంతోషమ్మ. గుమ్మం గుమ్మానికీ ఒకటే మాట: “రెండు నూలు చీరలివ్వండమ్మా. మీ బిడ్డకి కప్పేవైతేనే ఇవ్వండి.” ఆ రెండో ముక్క వినగానే, చిరుగుల చీర పట్టుకొచ్చినవాళ్ళు మారు మాట్లాడకుండా లోపలికెళ్ళి మరొకటి తెచ్చేవారు. ఒకావిడ మూడుసార్లు లోపలికెళ్ళింది. మూడోసారి కొత్త చీర తెచ్చి, మనసు మారకముందే సంచిలో కుక్కింది. “ఇంతకీ ఎవరికండీ?” అని అడిగితే, “చలేసేవాళ్ళకండి” అనేవాడు.

సాయంత్రానికి ఒక్క చోటు మిగిలింది. కాలనీ. పోస్టుమాన్‌గా కూడా ఫిలేమోను ఆ వైపు వెళ్ళేవాడు కాదు, ఆ బీటు మరొకరికి మార్చుకున్నాడు. తల్లిని పాతిపెట్టాక అటు నడవడం అదే మొదలు. గేటు దగ్గర ఆగిపోయాడు. నా జేబుల్లో రెండు చేతులూ పిడికిళ్ళయ్యాయి.

మరియమ్మ అనే ఆవిడ వరండాలోంచి చూసి, వేళ్ళకు కట్టుతో దగ్గరికొచ్చింది. ఆవిడ కూతురు రూతు హాస్టల్లో రెండో తరగతి. సంగతి విని లోపలికెళ్ళి, నీలం మీద పసుపు చుక్కలున్న చీర తెచ్చింది. పట్టుకునే వేళ్ళు తక్కువ కావడంతో గుండెకు అదిమిపట్టుకుని తెచ్చింది.

“ఊరోళ్ళ చీరల్లో కలిపి కుట్టెయ్యండి బాబూ. మాదని చెప్పకండి, ముట్టుకోరు.”

“మా ఆవిడ కుడతాదమ్మా” అన్నాడు ఫిలేమోను. “మా అమ్మ కూడా ఇక్కడే ఉండేది.”

ఆ మాట ఆయన పైకి అనడం నా ఎరుకలో రెండోసారి. ఆ వేళ కాలనీ ఆడవాళ్ళు పదకొండు చీరలిచ్చారు.

చర్చి ఆవరణలో చాపలు పరిచారు. మస్తాన్ సాహెబు మిషనును రిక్షాలో వేయించుకుని వచ్చాడు. ఊళ్ళో లేసు అల్లే ఆడవాళ్ళు వరసగా వచ్చి కూర్చున్నారు. బొంతకు నిలువు కుట్లు వెయ్యాలా, గళ్ళ కుట్లు వెయ్యాలా అని ఇద్దరు పెద్దవాళ్ళకు మాటామాటా పెరిగి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఒకే బొంతను చెరో అంచునుంచి కుట్టుకొచ్చారు. అది సగం నిలువు, సగం గళ్ళు అయింది. నాలుగో రోజుకు దారం అయిపోతే లేసువాళ్ళు తమ తెల్లదారం ఉండలు తెచ్చి ఒళ్ళో పోశారు. కాలనీ చీరలు సంతోషమ్మ తన ముందు పెట్టుకుంది. ఎవరివని ఎవరూ అడగలేదు. కొందరికి తెలిసే ఉంటుందని నా అనుమానం. అడక్కపోవడం కూడా ఒక రకం ఇవ్వడమే.

పండగనాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక హాస్టల్లో బొంతలు పంచారు. మైకు లేదు. ఫిలేమోను సంచిలోంచి తీసి ఇస్తుంటే పిల్లలు కప్పుకుని వరండా అంతా దొర్లారు. ఏ బొంత ఎవరికివ్వాలో సంతోషమ్మ పక్కనుండి చూసుకుంటోంది.

రూతు మాత్రం దొర్లలేదు. బొంతను నేల మీద పరిచి, చుక్కలున్న చోట వేలితో తడిమింది. వంగి వాసన చూసింది. పరుగెత్తుకొచ్చి నా అంచు పట్టుకుని లాగింది.

“తాతా, ఇది మా అమ్మ చీర.”

చుట్టూ పిల్లలున్నారు. ఫిలేమోను మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిల్ల చెవి దగ్గర నెమ్మదిగా చెప్పాడు. “అవునమ్మా. అమ్మే పంపింది. నీ చేతికే ఇవ్వమంది.”

ఆ పిల్ల ఎవరితోనూ చెప్పలేదు. బొంతను మడిచి, మడత మీద కూర్చుని, సాయంత్రందాకా లేవలేదు.

మరుసటి డిసెంబరులో బులిరాజు గారు తనే కబురంపాడు. వరండాలో కొత్త స్వెట్టర్లు మూటగట్టి ఉన్నాయి. “ఈ ఏడు ఫొటోలవీ ఏం వద్దులే” అన్నాడు ఎటో చూస్తూ. ఫిలేమోను మూట ఎత్తుకుని గేటుదాకా వెళ్ళాక వెనక్కి పిలిచాడు. “ఏవయ్యా, ఇచ్చింది నేనని నీకు తెలుసు గదా?”

“తెలుసండి.”

“ఆఁ. అయితే సరే.”

తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. ఫిలేమోను రిటైరయ్యాడు. గడ్డానికి బూరుగుదూది అక్కర్లేకుండా పోయింది. మంచి మందులొచ్చాయి. కాలనీవాళ్ళు నయమై ఒక్కొక్కరే ఇళ్ళకు వెళ్ళారు. సరుగుడు కొమ్మ మీద చీటీలు ఏడాదికేడాదీ పలచబడ్డాయి. ఇరవై, తొమ్మిది, మూడు. ఒక డిసెంబరులో సంతోషమ్మ నన్ను ఎండలో ఆరేస్తుండగా కబురొచ్చింది: చివరి అమ్మాయిని కూడా తల్లి వచ్చి తీసుకెళ్ళిందట, హాస్టలు మూసేశారట.

అయినా పండగనాడు ఫిలేమోను నన్ను తొడుక్కున్నాడు. సంచి పట్టుకోలేదు. మధ్యాహ్నపుటెండలో కర్ర పొడుచుకుంటూ హాస్టలుదాకా నడిచాడు. తలుపులకు తాళాలున్నాయి. వరండా ఊడ్చి ఉంది. ఆయన మెట్టు మీద కూర్చుని, మూసిన తలుపుల వంక ఒక్కొక్కదాన్నే చూస్తున్నాడు.

కాపలా మనిషి వచ్చి వింతగా చూశాడు. “ఎవరికోసం వచ్చారండీ? ఇక్కడ పిల్లలెవరూ లేరండి.”

“లేరు గదా” అన్నాడు ఫిలేమోను. “అది చూసుకుందామనే వచ్చానయ్యా.”

నా రెండో గుండీ కింద గుండె తీరుబడిగా కొట్టుకుంటోంది. అన్నేళ్ళలో ఆ గుండె అంత హాయిగా ఉండడం నేనెప్పుడూ ఎరగను. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాం, ఇద్దరం, ఏ పనీ లేకుండా.