తుప్పుకి తొలి పూత

సూది దిగే ముందు పెయింటరు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు. పక్క మంచం మీది టైలరు ఎప్పుడూ ఒకే మాట అంటాడు.

"నా పేరు మీద కూడా ఓ దణ్ణం పడెయ్ అన్నయ్యా. నా మాటైతే ఆయన వినడు."

భార్య పోయాక పెయింటరుతో ఇంత చనువుగా మాట్లాడేది ఆ టైలరొక్కడే. అతనికీ ఎవరూ లేరు. ఇద్దరి కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. డయాలసిస్ మిషన్లు రక్తాన్ని కడుగుతున్నంతసేపే కబుర్లు. ఆ తర్వాత ఎవరి గది తాళం వాళ్ళు తీసుకోవలసిందే.

ఓ రోజు టైలరు లేవలేనంత నీరసపడ్డాడు. డాక్టరమ్మ వచ్చి చూసింది.

"రక్తం ఇలా గొట్టాల్లో తిరిగి వస్తుంటే ఒంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరుగుతుంది. ఇనుముకి తుప్పు పట్టినట్టనుకోండి. ఈ నీరసానికి అదీ ఓ కారణమే."

"మరి దానికి మందు?" అన్నాడు పెయింటరు.

"పండ్లకి రంగునిచ్చే పదార్థాలు కొన్ని దాన్ని ఆపుతాయంటారు. కానీ మీకు..."

అవతల ఏదో మిషను కూతపెట్టింది. ఆమె పరుగెత్తింది.

జీవితమంతా గేట్లకీ కిటికీ ఊచలకీ తుప్పు గీకి, పైన తొలి పూతగా ఎర్రటి ప్రైమరు పూసిన మనిషి. ఇక ఎవర్నీ అడగాలని తోచలేదు. అరటిపండు వద్దన్నారని గుర్తుంది గానీ, దానిమ్మ సంగతి తట్టలేదు. గింజలు ఒలిచి, పిండి, ఫ్లాస్కు నిండా ఎర్రటి రసం తెచ్చాడు.

"ఇదిగో, తొలి పూత!"

టైలరు దాన్ని కాసేపు అలాగే చూసి, సంచిలో పెట్టుకున్నాడు.

తర్వాతిసారి పక్క మంచం ఖాళీ.

"పొటాషియం పెరిగి గుండె లయ తప్పింది. పైవార్డులో ఉన్నాడు" అంది నర్సు. "దానిమ్మరసం తాగాడట. మీ జబ్బుకి అది పనికిరాదండీ!"

ఆ పూట పెయింటరుకి దణ్ణం పెట్టబుద్ధి కాలేదు. 'మేలు చెయ్యాలన్న బుద్ధి నువ్వే ఇచ్చావు. కాస్త తెలివి కూడా కలిపి ఇవ్వకూడదా స్వామీ?' అని మాత్రం అడిగాడు.

సూదులు తీయగానే గోడ పట్టుకుంటూ పైకి వెళ్ళాడు. ఛాతీ నిండా వైర్లతో టైలరు నవ్వాడు.

"గండం గడిచిందట అన్నయ్యా."

"దానిమ్మ కూడదని నీకు తెలీదా ఏంటయ్యా?"

"ఈ జబ్బులో నీకంటే సీనియర్ని. ఎందుకు తెలీదు?"

"మరి పారబొయ్యలేకపోయావా?"

"గింజా గింజా ఒలిచి తెచ్చావు. నాకోసమని ఎవరైనా ఏదైనా చేసి ఎన్నేళ్ళయిందో. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. ఒక్క గుక్కే అనుకున్నా..."

టైలరు చూపు పెయింటరు చొక్కా మీద ఆగింది.

"ఆ గుండీ ఊడి ఎన్నాళ్ళయింది? చూళ్ళేక చస్తున్నా. రేపు సూదీ దారం పట్రా. దానికి పథ్యం లేదుగా!"

పెయింటరు ఇంటికి వెళ్ళి, భార్య పోయాక తెరవని కుట్టుపని డబ్బా తెరిచాడు. సూదులన్నీ తుప్పుపట్టి ఉన్నాయి. వాటిలో ఒకటి ఏరి, గరుకు కాగితం ముక్క వెతికి, దేవుడి పటం ముందు కూర్చుని మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు.