మూఢంలో తిరిగిన దారులు

జాకెట్టు ముక్కకు చంక దగ్గర వంపు తిప్పుతున్న మట్టయ్య, కత్తెర ఆపకుండానే తల ఊపాడు. దీప్లాకు రోజూ అందే పలకరింపు అదే. రైసుమిల్లులో రాత్రి కాపలా ముగించుకుని, దామరచర్ల బస్సు వేళయ్యేదాకా ఆయన ఈ దుకాణంలో బల్ల మీద కూర్చుంటాడు. టీ తాగుతాడు, గోడకు ఆనుకుని ఒక కునుకు తీస్తాడు.

బతుకమ్మ పండుగ దగ్గరపడింది. మిర్యాలగూడలో ఆడవాళ్లందరూ ఈ ఒక్క దుకాణానికే వచ్చినట్టు ఎక్కడ చూసినా జాకెట్టు ముక్కలే. గడప దగ్గర వెలుతురుకు కూర్చుని మట్టయ్య భార్య శైలజ హుక్కులు కుడుతోంది.

"తెల్లారంగ మంచు పడుతున్నది తమ్మీ. వానలు ఇగ ఖతమైనట్లే" అన్నాడు దీప్లా. "గుట్టలల్ల గడ్డి పండువారుతది. తిరుగనీకె మంచిగుంటది."

"మల్ల మొదలువెట్టినవా దీప్లన్నా? పండుగ అయ్యేదాక ఈయన్ని కదిలియ్యకు" అంది శైలజ, దారం పంటితో తెంపుతూ.

"పండుగ తెల్లారి పోతం చెల్లె." ఆయన నవ్వితే తెల్లని మీసం కింద ముందరి పళ్లు లేని ఖాళీ కనిపిస్తుంది. చింతబెరడు లాంటి మొహం, చెవికి చిన్న వెండి పోగు, మోచేతుల దగ్గర వెలిసిపోయిన ఖాకీ చొక్కా. తండాలో పుట్టి, సగం బతుకు గొడ్ల వెంట గడిపి, ఒళ్లు ఉడిగాక మిల్లు గేటు దగ్గర కూర్చున్న మనిషి.

మట్టయ్య సగం బతుకు కుర్చీలో గడిచింది. భుజాలు వెడల్పు, ఛాతీ గట్టిది. ఎడమ కాలు మాత్రం, ఎవరో కొలత తప్పి కత్తిరించినట్టు సన్నగా, పొట్టిగా వేలాడుతుంది. పసితనంలో వచ్చిన జ్వరం చేసిన పని అది. మోకాలి మీద చెయ్యి ఆనించి వంగి వంగి నడుస్తాడు. పిల్లలంతా చెరువుకు పోతుంటే మేనమామ దుకాణంలో గుండీలు కుట్టాడు. మీసం వచ్చేసరికి మిషను ఎక్కాడు. పెళ్లయింది, కూతురు పుట్టింది, కూతురి పెళ్లీ అయింది. అన్నీ ఇంటికీ దుకాణానికీ మధ్య ఉన్న ఒక్క వీధిలోనే జరిగాయి.

ఈ ఏడు వేసవిలో మూఢం వచ్చి ముహూర్తాలు లేకుండా పోయాయి. పెళ్లిళ్లు లేనప్పుడు టైలరుకు పనేముంటుంది? మిషను మీద గుడ్డ కప్పి దిగులుగా కూర్చున్న మట్టయ్యను, దుకాణం ముందు నిలిపిన మూడు చక్రాల స్కూటరు వైపు చూస్తూ దీప్లా ఒకరోజు అడిగాడు. నడవలేనివాళ్లకు సర్కారు ఇచ్చిన బండి అది.

"దీన్నెందుకు గిట్ల కట్టేసినవ్ తమ్మీ? గొడ్డునన్న మేతకు ఇడుస్తరు."

ఆ మాటకు మట్టయ్యకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తాళం తీశాడు.

మొదట కాలువ కట్ట దాకా వెళ్లారు. తాటిచెట్ల నీడలో కూర్చుని బొటనవేలు గుచ్చి ముంజలు తిన్నారు. ఆ తర్వాత ఇంకొంచెం దూరం. ఒకసారి వాగు దాటబోయి ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. మేకల కాపరులు వచ్చి, బండితో పాటు మట్టయ్యను కూడా ఎత్తి ఒడ్డున పెట్టారు. ఇంకోసారి సాగర్ దారిలో పెట్రోలు అయిపోతే దీప్లా సీసా పట్టుకుని నడిచిపోయాడు. మట్టయ్య ఒక్కడే రాతి మీద కూర్చుని, నెమళ్లు రోడ్డు దాటుతుంటే ఊపిరి బిగబట్టి చూశాడు. గాలిదుమారంలో చిక్కుకుని మామిడితోటలో తలదాచుకున్న రోజు, రాలిన కాయలు వీపు మీద పడుతుంటే ఇద్దరూ పిల్లల్లా తలలు పట్టుకుని బండి చాటున కూర్చున్నారు.

అన్నిటికన్నా గుర్తుండిపోయింది వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట మట్టయ్య మెట్ల మీద కూర్చుని, అరచేతులు ఆనించి, ఒక్కొక్క మెట్టే దిగాడు. దీప్లా నడుముల్లోతు నీళ్లలో నిలబడి చెయ్యి అందించాడు.

"భయమైతదా?"

"అయితున్నది."

"కానీ. నేను పట్టుకున్న గద."

నీళ్లు మెడ దాకా వచ్చాయి. అప్పుడు ఆ కాలు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఈడ్చుకు తిరిగిన ఆ కాలు, దానంతట అదే లేచి తేలింది. రెండోది కూడా అంతే. నీళ్లకు రెండు కాళ్లూ ఒకటే. మట్టయ్యకు నవ్వు ఆగలేదు. బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు చెయ్యాపి అతని వైపు చూశారు.

ఇంటికొచ్చాక శైలజ కమిలిన మెడకు కొబ్బరినూనె రాస్తూ, "ఎవరన్న గుర్తువడుతరా నిన్ను?" అని గొణిగింది. ఆ రాత్రి అతను తెల్లారేదాకా పక్కకు ఒత్తిగిల్లకుండా నిద్రపోయాడు.

తర్వాత వానలు పట్టాయి, శ్రావణంలో పెళ్లిళ్లు వచ్చాయి, మిషను మీది గుడ్డ తీశాడు. వెనకటి కుర్చీయే, వెనకటి పనే. కానీ ఇప్పుడు దారం ఎక్కిస్తుంటే వాగు గుర్తొస్తుంది, అంచు మడుస్తుంటే నెమళ్లు. అతనికి కోపం తగ్గిందని శైలజే చెప్పింది.

చేతిలో ముక్క పక్కన పెట్టి మట్టయ్య పిలిచాడు.

"అన్నా."

"ఊ."

"ఇసొంటి ఎండకాలం నా జిందగీల లేకుండె. నీ పుణ్యమే."

దీప్లా టీ గ్లాసు కింద పెట్టి మీసం తుడుచుకున్నాడు. "పుణ్యమేంది తమ్మీ. బండి నీది, పెట్రోలు నీది." బయటి దిక్కు చెయ్యి చూపాడు. "జానపహాడ్ అవతల గుట్టల నడుమ ఒక ఊట ఉన్నది. గొడ్లు గాసేటప్పుడు తాగేటోన్ని. పండుగయినంక సూపిస్త. ఇగ జర కన్నంటుకుంటది."

గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఏటవాలు ఎండ ఆయన మోకాళ్ల మీద పడుతోంది. మట్టయ్య మిషను నడిపాడు. ఒక జాకెట్టు అయింది, ఇంకొకటి మొదలైంది.

"బస్సు పోతది, లేపు" అంది శైలజ.

మట్టయ్య పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి వెళ్లి భుజం తట్టాడు. చొక్కా ఎండకు వెచ్చగానే ఉంది. తల మెల్లగా పక్కకు వాలింది.

ఎదురుగా ఉన్న మందుల దుకాణం అతను వచ్చి చెయ్యి పట్టి చూశాడు, మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాడు, తల అడ్డంగా ఊపి లేచి నిలబడ్డాడు. శైలజ మిషను మీద కప్పే గుడ్డ తెచ్చి ఆయన ఒంటి మీద కప్పి పక్కన కూర్చుంది.

దీప్లా కొడుకు సంజీవ్ కబురందగానే దామరచర్ల కరెంటు ప్లాంటులో కూలి పని మధ్యలో వదిలేసి ఆటో తీసుకుని వచ్చాడు. తండ్రి పాదాలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మట్టయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"గొడ్లు అమ్మినంక మా నాయన గుట్టలదిక్కు పోనే పోలే కాకా. ఎవలు తోలుకపోతరు? ఎండకాలం మట్టయ్య నన్ను అంతట తిప్పిండని తండాల అందరికి చెప్పిండు. మల్ల జూసిన, అన్ని మల్ల జూసిన అని ఒక్కటే సంబురం."

 వేసవంతా ఆయనే తనను తిప్పుతున్నాడని మట్టయ్య అనుకున్నాడు.

దీప్లాను ఎక్కించుకుని ఆటో ముందు కదిలింది. మట్టయ్య స్కూటరు తీశాడు. శైలజ దుకాణానికి తాళం వేసి, చీర కుచ్చిళ్లు పట్టుకుని వెనక ఎక్కింది. ఆ సీటు మీద ఆమె ఇంత దూరం రావడం అదే మొదలు. తారు రోడ్డు వదిలి ఎర్రమట్టి బాట ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ రాయి లేచి ఉందో అతనికి తెలుసు. ఎక్కడా దిగబడకుండా తండా చేరాడు.

ఆడవాళ్లు లంబాడీలో పాటలా ఏడుస్తున్నారు. ఆ మాటల్లో ఒకచోట తన పేరు వినిపించి మట్టయ్య తల వంచుకున్నాడు. పొద్దు గూకకముందే అన్నీ అయిపోయాయి.

తిరిగి వస్తుంటే దారి పొడవునా చేలు పొట్టకొచ్చి ఉన్నాయి. గట్ల మీద గునుగు తెల్లగా పూసింది. చాలా దూరం వచ్చాక శైలజ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఎండకాలం నేను గూడ రావాల్సుండె."

"మల్ల ఎండకాలం రాదా" అన్నాడు మట్టయ్య. బండి మలుపు తిప్పి, "నీ పుణ్యమే అని పొద్దుగాల్లనే చెప్పుకున్న, నయమైంది. ఆయనకు చెప్పుకున్న" అన్నాడు.

కుట్టిన జాకెట్లు ఇంటికి తీసుకుపోదామని దుకాణం తెరిచారు. శైలజ లైటు వేసి, ఊడ్చుదామని దీప్లా కూర్చునే బల్ల కిందికి వంగి, అక్కడున్న చిన్న గోనెసంచిని బయటికి లాగింది. మూతి విప్పితే మిల్లులోని వడ్ల ఊక. చేత్తో పక్కకు తోసింది. ఊకలో మాగబెట్టిన సీతాఫలాలు, అన్నీ కళ్లు విచ్చినవే. పైనున్న ఒకటి అప్పటికే మెత్తబడి, తొడిమె దగ్గర సన్నగా పగిలి ఉంది.