తనిఖీ రోజు వాన

ఒక ముసలమ్మకు ప్రభుత్వం కట్టించి ఇచ్చిన కొత్తింటిని తనిఖీ చేయడానికి ఇంజనీరు వచ్చాడు. గోడను మెత్తగా నిమిరాడు; గట్టిగా నిమిరితే రాలుతుందని తెలిసిన మనిషి మరి.

"నీ అదృష్టం పండింది అవ్వా" అన్నాడు.

పండిందో ఎండిందో చెబుదామని ముసలమ్మ నోరు తెరిచేలోగా వాన అందుకుంది. కొత్త స్లాబు జల్లెడలా కారింది. ఇద్దరూ పరుగున పోయి పక్కనే ఉన్న ఆమె పాత పూరిపాకలో దూరారు. అక్కడ చుక్క పడలేదు.

ఇంజనీరు తల తుడుచుకుని, పాక రాటకు హాయిగా చేరగిలబడి, రిపోర్టు రాసి చదివి వినిపించాడు: "కొత్త ఇల్లు భేషుగ్గా ఉంది. పాత పాక మనుషులు ఉండటానికి పనికిరాదు, వెంటనే కూల్చేయాలి."

ముసలమ్మ బుద్ధిగా తలూపింది.

"అలాగే బాబూ. వాన వెలిసేదాకా ఆగమంటారా, ఇప్పుడే కూల్చేయమంటారా?"