నాలుగో నిబంధనలో వదలని అంగుళం

నేను ఒక నిబంధనల పేజీని. చదవకుండానే కిందికి జారిపోయి, 'అంగీకరిస్తున్నాను' అన్న గడిలో టిక్కు కొట్టి వెళ్ళిపోతారే, ఆ పేజీని. ఈ పదిహేనేళ్ళలో పదకొండు వేలమంది నన్ను అంగీకరించారు. పూర్తిగా చదివినావిడ నాకు తెలిసి ఒక్కరే. నా పరువు తీసిందీ ఆవిడే, నిలబెట్టిందీ ఆవిడే. జాలిపడమని ఈ కథ చెప్పడం లేదు. వచ్చే నెల నన్ను తీసేస్తామని ఒక కంపెనీ ప్రకటించింది. తీసేయబోయే ముందు నేనేమిటో వినండి.

నేనుండేది ఇంటర్నెట్‌లో 'కుట్టు అరుగు' అనే చోట. జాకెట్లు కుట్టే ఆడవాళ్ళు అక్కడ తమ సందేహాలు రాస్తారు, తెలిసినవాళ్ళు జవాబిస్తారు. కొత్తవి వచ్చేకొద్దీ అందరి రాతలూ కిందికి జారిపోతాయి. నన్ను మాత్రం గుండుసూదితో గుచ్చినట్టు పైన నిలబెట్టారు. ఎవరొచ్చినా ముందు నా ముఖమే చూడాలి. చూసి పక్కకి తిప్పుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

నన్ను రాసింది చీరాలలో జాకెట్లు కుట్టే కనకరత్నం. కటింగు కోసం కోసుకున్న పాత దినపత్రిక అంచు మీద, సుద్దముక్క అరిగిపోయిందని పెన్సిలుతో రాసింది. తర్వాత ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసింది. మొత్తం ఏడు వరుసలే. కొలతలు అంగుళాల్లో రాయాలన్నది మొదటిది. మూడోది నాకు చాలా ఇష్టం: కుట్టుని చూసి నవ్వొచ్చు, కుట్టినవాళ్ళని చూసి నవ్వకూడదు. ఆరోది ఏ పెద్ద సంస్థకీ రాయడానికి గుండె చాలదు: గుడ్డ చెడగొడితే దాచకూడదు, ఏం చెడగొట్టారో అరుగు మీద రాయాలి, అందరం కలిసి సరిచేద్దాం. అన్నిటికంటే పొట్టిది నాలుగోది. కుట్టుపని కాని సంగతులు రాయకూడదు.

ఆ నాలుగోది నెల తిరక్కుండానే మట్టిలో కలిసింది. చీపురుపల్లి నుంచి గౌరీశ్వరి అనే ఆవిడ, చంక దగ్గర ముడతలు పడుతున్నాయి ఏం చెయ్యాలని అడుగుతూ, "పొయ్యి మీద బీరకాయ ఉంది, వేగిరం చెప్పండి" అని మొదలుపెట్టింది. జవాబులు ఇరవై వచ్చాయి. అందులో ముడతల గురించి తొమ్మిది, బీరకాయలో పాలు ఎప్పుడు పోయాలన్న దాని గురించి పదకొండు. మర్నాటి నుంచి అడిగినవాళ్ళూ, జవాబిచ్చినవాళ్ళూ మొదటి వరుసలో ఆ పూట కూరేమిటో రాయడం అలవాటు చేసుకున్నారు. కూర తర్వాతే కొలతలు.

నాకు ఒళ్ళు మండింది. నా కాళ్ళ కిందే, నా కళ్ళెదుటే, రోజుకి రెండు వందల కూరలు. కనకరత్నం ఏమైనా అంటుందేమోనని చూశాను. ఆవిడ కూడా ఒకరోజు 'మామిడికాయ పప్పు' అని రాసి కూర్చుంది. అప్పటికి నేను నోరు మూసుకున్నాను.

మూసుకుని చూడటం మొదలుపెట్టాక అర్థమైంది. ఎవరైనా కూర రాయకపోతే ఒంట్లో బాగాలేదా అని మిగతావాళ్ళు అడిగేవారు. 'ఇవాళ పొయ్యి వెలిగించలేదు' అని ఎవరైనా రాస్తే సాయంత్రంలోగా ఆ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఉన్న అరుగు మనిషి గిన్నె పట్టుకుని వెళ్ళేది. ఎన్నడూ ముఖం చూసుకోని మనుషులు ఒకరి వంటింట్లోకి ఒకరు అలా వెళ్ళొచ్చేవారు. నా ఏడు వరుసల్లో ఇది ఏ వరుసా చెప్పలేదు. ఒప్పుకుంటున్నాను, నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

నిజాంపట్నం నుంచి దీవెనమ్మ వచ్చాక అరుగుకి పేరొచ్చింది. ఒంటరి మనిషి, హార్బరు దగ్గర ఒక గదిలో మిషను పెట్టుకుని కుట్టేది. ఒక భుజం జారినవాళ్ళకీ, ఆపరేషనులో ఒక రొమ్ము తీసేసినవాళ్ళకీ, లోపం తెలియకుండా జాకెట్టు కుదిరేలా కోయడం ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అలాంటి ప్రశ్న వస్తే మిగతావాళ్ళు కూర రాసి ఊరుకునేవారు. దీవెనమ్మ వచ్చి కొలతలు అడిగి, కాగితం మీద గీసి, ఫోటో పెట్టేది.

ఒకరోజు ఆవిడ జవాబు పైన 'ఎండు నెత్తళ్ళు' అని రాసింది. దాని కింద, పేరు దాచుకున్న ఒకరు, అరుగంతా ఎండుచేపల కంపు కొడుతోందని, కొందరిని ఎక్కడ కూర్చోబెట్టాలో అక్కడే కూర్చోబెట్టాలని రాశారు. మూడో నిబంధన నా ఒంటి మీదే ఉంది. నాకు చేతులు లేవు గానీ ఉంటే ఏం చేసేదాన్నో చెప్పను.

గౌరీశ్వరికి చేతులున్నాయి. రేపు మా ఇంట్లో కూడా నెత్తళ్ళే అని రాసింది. మర్నాడు నూట నలభై మంది మొదటి వరుసలో ఎండు నెత్తళ్ళని రాశారు. జీవితంలో చేప ముఖం చూడనివాళ్ళు కూడా రాశారు. ఒకావిడ, 'మాకు ఇంట్లో కుదరదు, మనసులో వండాను' అని రాసింది. నా పదిహేనేళ్ళలో అంతటి మంచి రోజు లేదు.

ఆ మంచి రోజు సాయంత్రానికే తుడిచిపెట్టుకుపోయింది. ఆ వారమే కనకరత్నం కంటికి శుక్లం తీశారు. నెలపాటు తెరవైపు చూడొద్దని డాక్టరు చెప్పడంతో అరుగు బాధ్యత హన్మకొండ హైమవతికి అప్పగించింది. హైమవతి కుట్టు శిక్షణ కేంద్రంలో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. నన్ను పూర్తిగా చదివిందని చెప్పానే, ఆవిడే. చదివి ప్రింటు తీసుకుని మిషను పక్కన అంటించుకుంది కూడా. గొడవ చూసింది, కూర వల్లే గొడవొచ్చిందనుకుంది. ఆ చెడ్డమాటనీ, దీవెనమ్మ నెత్తళ్ళనీ, నూట నలభై మంది నెత్తళ్ళనీ ఒకేసారి తీసేసింది. ఖాళీ అయిన ప్రతిచోటా ఒకే వాక్యం పెట్టింది: నాలుగో నిబంధన ప్రకారం తొలగించబడినది. అప్పటి నుంచి ఏ కూర కనబడినా అదే వాక్యం.

నన్ను కర్ర చేసి కొట్టారు. నా పేరు చెప్పి, నేను ఎవరిని కాపాడాలో వాళ్ళనే కొట్టారు. ఆవిడ చెడ్డది కాదని నాకు తెలుసు. అయినా నేను క్షమించలేదు. పదిహేను రోజులు నా కింద కొలతలు తప్ప ఇంకేమీ లేవు. శుభ్రంగా ఉంది, ఆసుపత్రి వరండాలా ఉంది.

దీవెనమ్మ రావడం మానేసింది. సరిగ్గా అప్పుడే గౌరీశ్వరికి ఒక పని పడింది. ఆపరేషనై ఇంటికొచ్చిన ఒకావిడ, కూతురి పెళ్ళిలో పైట సర్దుకుంటూ మూల కూర్చోను, అందరిలోకీ వస్తాను, అలాంటి జాకెట్టు కుట్టమని అడిగిందట. పెళ్ళి ఇంకా పద్దెనిమిది రోజులు. గౌరీశ్వరి అరుగు మీద అడిగితే తొమ్మిది రోజులు ఎవరూ నోరు విప్పలేదు. ఆగలేక నిజాంపట్నం ఫోను చేసింది. దీవెనమ్మ అన్న మాటని గౌరీశ్వరి తర్వాత అరుగు మీద రాసింది, తీసేస్తే తీసేసుకోండని.

"నా కూరనీ ఆడి మాటనీ ఒకే తట్టలో ఊడ్చి పారేశారు. నా కూర చెత్తయినాక నా కొలతలు మాత్రం దేనికమ్మా మీకు?"

హైమవతి ఆ మాటలు చదివింది. తీసేయలేదు. చీరాలకి ఫోను చేసింది, మిషను పక్కన కాగితంలోంచి నేను విన్నాను.

"మీరు రాసిందే గదమ్మా. నేను ఒక్క అక్షరం కలపలే."

"నువ్వేం కలపలేదమ్మా, తప్పు నాదే," అంది కనకరత్నం. "రేపు ఒళ్ళొస్తే విప్పుకోడానికి లోపల అంగుళం గుడ్డ వదులుతాంగా. ఆ నాలుగోదానికి నేను వదల్లేదు. గీత మీదే కోసేశాను."

"అట్లయితే రేపు ఎవరన్న రాజకీయం రాస్తరు, సరుకు అమ్ముకుంటరు. ఏం చెప్పాలె?"

"అంగుళమే వదులుతాం. గజం వదలం."

ఇరవై ఏళ్ళు కత్తెర పట్టిన చెయ్యి తన తప్పు ఒప్పుకోవడానికి ఒక్క నిమిషం తీసుకుంది. నన్ను తీర్చిదిద్దింది ఆ చెయ్యేనని నాకు ఇప్పటికీ గర్వం.

మర్నాడు మధ్యాహ్నం హైమవతి అరుగు మీద రాసింది. 'తొలగించబడినది' లాంటి మాటలు ఒక్కటీ లేవు.

"మా ఇంట్ల ఇయ్యాల టమాట పప్పు. ఆరో నిబంధన ప్రకారం రాస్తున్న. ఒక ముక్క చెడగొట్టిన. దీవెనమ్మ గారి కూరను, ఆమెను అవమానించిన మాటను ఒక్కటే కత్తెరతోటి కోసిన. మాటను కోసి కూరను ఉంచాల్సి ఉండె. ఎట్ల సరిచేయాల్నో చెప్పుండ్రి."

చూశారా? నాలుగోదాంతో అందరినీ కొట్టిన మనిషి ఆరోది తనకి వర్తించదని అనుకోలేదు. నన్ను పూర్తిగా చదవడమంటే అది. మిగతా పదకొండు వేలమంది టిక్కుల కంటే ఆ ఒక్క రాత నాకెక్కువ. ఆరోజే నేను ఆవిడని క్షమించాను. ఆ చెడ్డమాట రాసినవారికి మూడో నిబంధన ప్రకారం అరుగు దిగే దారి కూడా ఆవిడే చూపించింది.

మూడు రోజులు దీవెనమ్మ పలకలేదు. అంత తేలిగ్గా పలకాల్సిన అవసరం ఆవిడకి లేదు, నేనైనా పలికేదాన్ని కాదు. నాలుగో రోజు పొద్దున ఒక జవాబు వచ్చింది.

"ఎండు నెత్తళ్ళు, వంకాయ. ఆ పెళ్ళికూతురి తల్లి కొలతలు పంపు గౌరీ. రెండు పక్కలా విడివిడిగా తియ్యి, సిగ్గుపడతందేమో, ముందు టీ ఇచ్చి కూర్చోబెట్టు."

పెళ్ళికి రెండు రోజుల ముందు జాకెట్టు పూర్తయింది. ఆ తల్లి ఫోటో అరుగు మీద రాలేదు, కస్టమరు ముఖం చూపించకూడదని రెండో నిబంధన. భోజనాల దగ్గర ఆవిడే నిలబడి కొసరి కొసరి వడ్డించిందని గౌరీశ్వరి రాసింది.

కన్ను బాగయ్యాక కనకరత్నం నన్ను విప్పి మళ్ళీ కుట్టింది. నాలుగో వరుస ఇప్పుడిలా ఉంటుంది: కుట్టుపని కాని సంగతులు రాయకూడదు. కూర కుట్టుపని కిందికే వస్తుంది.

అరుగుకి చోటిచ్చిన కంపెనీకి ఇది నచ్చలేదు. వచ్చే నెల నుంచి అన్ని చోట్లా ఒకటే నియమావళి ఉంటుందట, నలభై ఒక్క పేజీలు. మొత్తం చదివాను, నాకు వేరే పనేముంది. ఎక్కడా లోపల అంగుళం గుడ్డ వదల్లేదు. ఎవరైనా తప్పు చేస్తే ఏం చెయ్యాలో ఎనిమిది పేజీలు రాశారు. తాము తప్పు చేస్తే ఏం చెయ్యాలో ఒక్క వరుస లేదు. వాళ్ళది నా ఆరో నిబంధన ముందు నిలబడదు, నేను దిగను. నా తరఫున హైమవతి వాళ్ళకి పెద్ద ఉత్తరం రాసింది. మా పేజీ ఏడు వరుసలే, దయచేసి పూర్తిగా చదివి జవాబివ్వగలరని చివర్లో గట్టిగా అడిగింది. జవాబు ఇంకా రాలేదు.

ఇవాళ పొద్దున కంపెనీవాళ్ళు తమ ప్రకటనని అరుగు మీద, సరిగ్గా నా పక్కనే పెట్టారు. అభ్యంతరాలుంటే కింద తెలపమన్నారు. పది నిమిషాల్లో మొదటి అభ్యంతరం నిజాంపట్నం నుంచి వచ్చింది.

"గోంగూర, ఎండు రొయ్యలు."

ఇప్పటికి దాని కింద ఆరు వందల కూరలున్నాయి.