ఒక్క నల్లి

నల్లుల మందు కొట్టడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. మంచం సందులో చిన్న మరక చూసి, అవి ఎన్నాళ్ళుగా కాపురముంటున్నాయో చెప్పేవాడు. అలాంటివాడి సొంత ఇంట్లో పెళ్ళాం ఒళ్ళంతా దద్దుర్లు లేస్తే తల కొట్టేసినట్టే కదా!

ఆమెకు రక్త క్యాన్సర్ ఉందని రెండేళ్ళ కిందటే తెలిసింది. నెమ్మదిగా నడిచే రకమనీ, ఒంట్లో ఏ మార్పు కనబడినా వెంటనే రమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. కానీ ఆమె చేతుల మీద, మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచినప్పుడు ఈ మహానుభావుడు ఒక్క చూపులో తేల్చేశాడు.

"నల్లులే. నాకు తెలీదా?"

ఇక చూడాలి ఆ తతంగం. పరుపు పారేశాడు. మంచం ఊడదీసి ముక్క ముక్కకీ మందు కొట్టాడు. చెల్లెలికి తోడుగా వచ్చి ఉంటున్న పెళ్ళాం అక్కగారిని, నల్లులు మీ పెట్టెలోనే వచ్చాయంటూ సాగనంపాడు. మూడు నెలలు వెతికినా ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. పంతం పెరిగిందే తప్ప అనుమానం రాలేదు. ఏం చెప్పాలి ఆ తెలివికి!

చివరికి ఆమె జ్వరంతో కూలబడితే ఆసుపత్రికి పరుగెత్తాడు. డాక్టరమ్మ అతన్ని పక్కకి పిలిచింది.

"ఏదీ కుట్టలేదండీ. ఈ జబ్బున్నవాళ్ళలో ఏ కొద్దిమందికో ఏ పురుగూ కుట్టకుండానే ఇలా వస్తుంది."

"అయితే మందు మొదలుపెట్టండి."

"అప్పుడే వచ్చుంటే పెట్టేవాళ్ళం. ఇప్పుడు జబ్బు ముదిరిపోయింది. ఆ మందుని ఆమె తట్టుకోలేదు. ఇంటికి తీసుకెళ్ళండి."

లోపలికి వెళ్తే ఆమె ఆశగా చూసింది.

"నల్లులేనా?"

నల్లులైతే చంపొచ్చు. అదీ ఆమె ఆశ.

"నల్లులేనే."

"అయితే ఒక్కటి చూపించండి."

ఇంటికొచ్చిన మర్నాడు పనికి వెళ్ళొచ్చి, అగ్గిపెట్టె తెరిచి చూపించాడు.

"దొరికిందే దొంగది! గడియారం వెనక నక్కింది."

ముప్ఫై ఏళ్ళు నల్లులంటిన అతని పని బట్టలు ఉతికిన మనిషి ఆమె. వేలితో నల్లిని కదిపి చూసింది.

"బాగా బలిసింది. నా ఒంట్లో ఇంత రక్తం ఎక్కడుందండీ?"

ఆమె అగ్గిపెట్టె మూసి అతని చేతిలో పెట్టింది.

"అక్కకి కబురు పెట్టండి. పెట్టె కూడా తెచ్చుకోమనండి."